షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి? ఒక తీర గ్రామం కేస్ స్టడీ

ఈ కేసు ఒక తీర గ్రామానిది. ఊరి పేరు, సంవత్సరాలు రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. విపత్తు సన్నద్ధత పనిలో నేను చేసినవాటిలో ఇది పెద్దదేమీ కాదు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఎక్కువసార్లు దీని గురించే చెబుతుంటాను. ఎందుకంటే ఇందులో మొదటి ఏడాదంతా నేను ఒక జబ్బుకి ఇంకో జబ్బు మందు వేశాను.

నేపథ్యం

ఊళ్లో సుమారు 400 ఇళ్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి పాయ. బయటికి పోవడానికి ఒకటే రోడ్డు. అది పాయను దాటే చోట ఎత్తు తక్కువ కాజ్‌వే ఉంది, పెద్ద వాన పడితే చాలు దాని మీద నీళ్లు పారతాయి. ఎక్కువ ఇళ్లకు చేపల వేటే ఆధారం. సొంత పడవ ఉన్నవాళ్లు కొందరే, వాళ్ల పడవల మీద కూలికి వెళ్లేవాళ్లు చాలామంది. ఊరి మధ్యలో తుఫాను షెల్టర్ ఉంది. స్తంభాల మీద లేచిన రెండంతస్తుల భవనం, మామూలు రోజుల్లో అదే బడి. అందులో ఊరంతా పట్టదు కాబట్టి సముద్రం వైపు వీధులవాళ్లు షెల్టర్‌కి, పాయ వైపు వీధులవాళ్లు బస్సుల్లో కాజ్‌వే దాటి అవతలి పట్నానికి వెళ్లాలన్నది ప్రభుత్వ ప్రణాళిక.

కాగితం మీద ఏ లోటూ లేదు. ప్రణాళిక ఉంది, గ్రామ కమిటీ ఉంది, ఫోన్ నంబర్ల జాబితా ఉంది. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ జాబితాలోని 22 నంబర్లకూ ఫోన్ చేశాను. 9 పలకలేదు. ఒక నంబరు ఎత్తినాయన రెండు బదిలీల కిందట ఆ సీట్లో పనిచేసిన అధికారి, ఇప్పుడు వేరే శాఖలో ఉన్నారు. కమిటీలో ముగ్గురికి తాము సభ్యులమన్న సంగతి నేను చెప్తేనే తెలిసింది.

నన్ను ఎందుకు పిలిచారు

అంతకుముందు వచ్చిన తుఫానులో హెచ్చరిక 24 గంటల ముందే ఊరికి అందింది. మైకులో చెప్పారు, బస్సులు వచ్చి నిలబడ్డాయి. మూడో వంతు మంది కూడా కదల్లేదు. మిగతావాళ్లు చీకటి పడ్డాక, వీధిలోకి నీళ్లు వచ్చాక బయల్దేరారు. వేగంగా పారే నీళ్లు అరడుగు లోతున్నా మనిషి కాలు నిలవడం కష్టం. కాజ్‌వే మీద ఆ రాత్రి అంతకంటే చాలా ఎక్కువే ఉన్నాయి. ఇద్దరు కొట్టుకుపోయారు.

అధికారుల మాట: "చెప్పాల్సింది చెప్పాం. వినకపోతే ఏం చేస్తాం?" ఊరివాళ్ల మాట: "మైకులో అరిచి వెళ్లిపోయారు. మా సంగతి ఎవరికి కావాలి?" నాకు అప్పగించిన పని అవగాహన కల్పించడం. అంటే జనానికి ప్రమాదం సంగతి తెలియదు, తెలిస్తే కదులుతారు అన్న నిర్ధారణ ఆ ఆర్డర్లోనే ఉంది. నేను దాన్ని ప్రశ్నించలేదు.

మొదటి ఏడాది

ప్రశ్నించకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. ఇండోనేషియాలోని సిమెలూ దీవివాళ్లు 1907 నాటి సునామీని 'స్మోంగ్' అనే ఒక్క మాటలో పెట్టి, కథలుగా పాటలుగా పిల్లలకు అందించారు. 2004 డిసెంబరు 26న భూమి కంపించగానే జనం కొండెక్కారు. సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయింది ఏడుగురే. తెలిస్తే జనం కదులుతారనడానికి ఇంతకంటే రుజువేం కావాలి అనుకున్నాను. తేడా అప్పుడు తట్టలేదు. భూకంపం తీరానికి దగ్గర్లోనే వస్తే సునామీకి నిమిషాల వ్యవధే ఉంటుంది, ఇంట్లో ఏం వదిలి పోతున్నామో లెక్క వేసుకునే టైమ్ ఉండదు. తుఫాను అలా కాదు, రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. ఆ రెండు మూడు రోజులూ ఇంటింటా లెక్కలే.

పోస్టర్లు వేశాం. ఉప్పెన ఎలా వస్తుందో బడి పిల్లలతో బొమ్మలు గీయించాం. గాలి నీటిని తీరం మీదికి తోయడం, తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీళ్లు పోయే దారిలేక పైకి లేవడం, అదే సమయానికి ఆటు పోటుల్లో పోటు కలిస్తే మట్టం ఇంకా పెరగడం, అన్నీ వివరించాం. ఊళ్లో పెద్దవాళ్లకు ఇందులో కొత్త విషయం ఒక్కటీ లేదని నాకు తర్వాత అర్థమైంది. మర్యాద కొద్దీ విన్నారు.

చివర్లో మాక్ డ్రిల్ పెట్టాం. 35 నిమిషాల్లో షెల్టర్ నిండింది. ఫొటోలు బాగా వచ్చాయి. ఆ డ్రిల్ పగలు 11 గంటలకు, ఎండలో, పడవలన్నీ ఒడ్డునే ఉన్న రోజున జరిగింది. షెల్టర్ తాళం ముందు రోజు సాయంత్రమే తీసి ఉంచారు. ఈ చివరి రెండు వాక్యాలు నా రిపోర్టులో లేవు.

తలుపు తెరుచుకోని సాయంత్రం

కొన్ని నెలలకే వాయుగుండం తుఫానుగా మారింది. హెచ్చరిక వచ్చింది, బస్సులు వచ్చాయి. డ్రిల్‌కి వచ్చినవాళ్లలో నాలుగో వంతు కూడా రాలేదు. వచ్చినవాళ్లకు షెల్టర్ తాళం వేసి కనిపించింది. తాళం చెవి 11 కిలోమీటర్ల దూరంలో పట్నంలో ఉండే బడి ఉద్యోగి దగ్గర ఉంది. ఆయన తన ఇంట్లోవాళ్లను భద్రమైన చోటికి చేర్చే పనిలో ఉన్నారు. అందులో ఆయన తప్పు పట్టడానికేమీ లేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. దాదాపు 60 మంది, చంటిపిల్లలతో, భవనం కింద స్తంభాల మధ్య రెండు గంటలు నిలబడ్డారు. జల్లు పక్కనుంచి కొడుతోంది. ఒక ముసలావిడ మూట నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. "పిలిచినోళ్లకే తలుపు లేదంట, ఇంకెందుకమ్మా" అని నాతోనే అని, నా ముందు నుంచే వెళ్లిపోయింది.

ఆ తుఫాను దారి మళ్లి దూరంగా తీరం దాటింది. పొద్దున్నకి సముద్రం నిమ్మళంగా ఉంది. షెల్టర్‌కి వచ్చినవాళ్లను ఊళ్లో వారం రోజులు ఆటపట్టించారు.

రిపోర్టులో "ప్రజల స్పందన ఆశించినంత లేదు" అని రాశాను. నాకంటే సీనియర్ ఒకావిడ అది చదివి పెన్సిల్‌తో పక్కన ఒక్క ప్రశ్న రాసి పంపారు: "తాళం వేసి ఉంటే, స్పందించనిది ఎవరు?"

అడిగే తీరు మార్చాం

అప్పటిదాకా ఇళ్లకు వెళ్లి "ఎందుకు వెళ్లలేదు?" అని అడిగేవాళ్లం. ఆ ప్రశ్నలోనే నింద ఉంది. జవాబుగా "భయం వెయ్యలేదు", "దేవుడున్నాడు" లాంటివి వచ్చేవి. మేం వాటిని 'నిర్లక్ష్యం', 'మూఢనమ్మకం' అని గళ్లలో నింపుకునేవాళ్లం. ఈసారి కారణం అడగడం మానేశాం. "ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఇంట్లో ఎవరెవరు ఏం చేశారో చెప్పండి" అని మాత్రమే అడిగి, గంట గంటకీ రాసుకున్నాం. 40 ఇళ్లు తిరిగేసరికి బొమ్మ పూర్తిగా మారిపోయింది.

మధ్యాహ్నం మగవాళ్లంతా ఒడ్డున ఉన్నారు. ఇసుకలో ఒక పడవను ఎత్తు మీదికి చేర్చాలంటే 10, 12 మంది భుజం పట్టాలి. ఒకరి పడవ లాగినవాళ్లు ఇంకొకరి పడవకు సాయం వెళ్లాలి, మధ్యలో వదిలేసి బస్సెక్కితే ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేరు. అన్నీ అయ్యేసరికి చీకటి. ఆడవాళ్లు మగవాళ్ల కోసం ఇళ్ల దగ్గర ఆగారు. మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లలో మోసే మనిషి కోసం ఆగారు. పాడి ఉన్నవాళ్లు పశువుని విప్పాలా కట్టాలా తేలక ఆగారు. షెల్టర్లో మరుగుదొడ్లు కిందనే ఉన్నాయి, వరదొస్తే ముందు మునిగేవి అవే. వెళ్దామనుకున్న ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు మానేశామని చెప్పారు. ఇది చిన్న సంగతి కాదు. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుఫాను సుమారు 1,38,000 మందిని బలి తీసుకుంది. వాళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకంటే బాగా ఎక్కువ. షెల్టర్లలో ఆడవాళ్లకు మరుగు లేకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఇంకో సంగతి నేను అసలు ఊహించలేదు. పాత తుఫానుకి బస్సెక్కి పట్నం వెళ్లినవాళ్లను రెండు రోజులు అక్కడే ఉంచారు. ఇల్లు ఉందో పోయిందో, ఎప్పుడు పంపిస్తారో ఎవరూ చెప్పలేదు. "పోవడానికి భయం లేదమ్మా, తిరిగి ఎప్పుడొస్తామో తెలీకపోతేనే టెన్షన్" అన్నాడొకాయన.

మొత్తం మీద ఊరివాళ్ల ఆలస్యానికి ప్రతిచోటా ఒక పని అడ్డుంది. కొన్ని పనులు వాళ్ల చేతిలో ఉన్నాయి, కొన్ని ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఇద్దరూ ఒకరి పని ఇంకొకరికి చెప్పుకోలేదు.

పడవలు, ట్రాక్టరు, పద్దు

అన్నిటికంటే ముందు పడవల సంగతి ఎత్తుకున్నాం. మగవాళ్లు మధ్యాహ్నానికి ఖాళీ అయితే మిగతా ముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయన్నది లెక్క. ట్రాక్టరూ మోకూ ఉంటే ఒక పడవకి పది నిమిషాలు చాలు. అధికారి కాదనలేదు, కానీ ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "ఖర్చు ఏ పద్దులో రాయాలి?" పడవ విరిగిపోతే పరిహారానికి పద్దు ఉంది. విరగకుండా లాగడానికి లేదు. నెలన్నర దీని మీదే పోయింది. చివరికి కొత్త ఖర్చే లేకుండా దారి దొరికింది. పంచాయతీ చెత్త ట్రాక్టరు వస్తుంది, డీజిల్ పడవల యజమానులు పోసుకుంటారు.

ఉత్తపుణ్యానికి కాదు. 48 గంటల ముందస్తు హెచ్చరిక వచ్చిన పూటే ట్రాక్టరు ఒడ్డున ఉంటే, మర్నాడు మధ్యాహ్నం 2 గంటలకల్లా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మగవాళ్ల కోసం ఆగకుండా బయల్దేరాలి. ఇలాంటివన్నీ ఒకే పేజీలో రాశాం. ఎడమ పక్క ప్రభుత్వం చేసేవి, కుడి పక్క ఊరు చేసేవి. "ప్రభుత్వం ఊరితో ఒప్పందం రాసుకోవడమేంటండీ?" అని అధికారి ఇబ్బంది పడ్డారు. పైన 'మీటింగ్ మినిట్స్' అని రాశాం. సంతకం పెట్టారు.

తాళం చెవి

ఇది ఒక్కటే నాలుగు నెలలు పట్టింది. మేం అడిగింది రెండో తాళం చెవి షెల్టర్‌కి రెండిళ్ల అవతల ఉండే మహిళా సంఘం నాయకురాలి దగ్గర ఉంచమని. అధికారుల అభ్యంతరం అనుమానం కాదు, బాధ్యత. లోపల బడి కంప్యూటర్లు, ఫ్యాన్లు, బల్లలు ఉన్నాయి. ఏదైనా పోతే ఆడిట్లో జవాబు చెప్పాల్సింది బడి ఉద్యోగి. ఆయన ఉద్యోగం పణంగా పెట్టి ఊరి మీద నమ్మకం చూపమని అడగడం సరికాదని నాకూ అనిపించింది.

ఈలోగా అధికారి ఒడిశాను ఉదాహరణగా ఎత్తారు. 1999 సూపర్ సైక్లోన్‌లో అక్కడ సుమారు 10,000 మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల మందిని తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. "వాళ్లు తరలించగలిగారు కదా, మన జనమే మొండివాళ్లు" అన్నది ఆయన వాదన. ఆ రెండు తుఫానుల మధ్య 14 ఏళ్లున్నాయి, ఆ 14 ఏళ్లలో ఊళ్లలో షెల్టర్లు, వాటిని చూసుకునే కమిటీలు తయారయ్యాయి అన్నాను. బంగ్లాదేశ్ సంగతీ చెప్పాను. 1970 నవంబరులో భోలా తుఫాను 3 నుంచి 5 లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాక, ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ కలిసి 1972లో మొదలుపెట్టిన కార్యక్రమంలో హెచ్చరిక జెండా, మెగాఫోన్ ఊళ్లో వాలంటీర్ల దగ్గరే ఉంటాయి. ఆయన విన్నారు. నమ్మింది మాత్రం ఈ మాటల వల్ల కాదు.

పరిష్కారం బడి ఉద్యోగి దగ్గర్నుంచే వచ్చింది. "సామానంతా ఒక గదిలో పెట్టి దానికి వేరే తాళం వేసుకుంటాను. మిగతా భవనం తాళం చెవి ఎవరి దగ్గరున్నా నాకు బాధ లేదు" అన్నారు. నాలుగు నెలల్లో ఆయన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. రిజిస్టర్ తెరిచాం. తాళం చెవి తీసుకున్న తేదీ, సంతకం, చివర్లో ఒక గడి: "రాత్రిపూట తలుపు తీసే మనిషి పేరు". ఆ గడి సంఘం నాయకురాలు అడిగి పెట్టించింది.

వీధి జాబితాలు పెన్సిల్‌తో రాసి వీధికొకరి దగ్గర ఉంచాం. జబ్బుల పేర్లు రాయవద్దని ఊరివాళ్లే అన్నారు. "ఇద్దరు మోయాలి", "చెవి వినపడదు, ఇంట్లోకెళ్లి చెప్పాలి", అంతే.

తప్పుడు హెచ్చరిక గురించి మా మధ్యే వాదన జరిగింది. 24 గంటల ముందు కూడా తుఫాను తీరం దాటే చోటు పదుల కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఈ మాట జనానికి చెప్తే ఎవరూ కదలరని అధికారుల భయం. చెప్పకపోతే తుఫాను రాని ప్రతిసారీ మన మాట విలువ పడిపోతుందని నా వాదన. చివరికి మైకులో అధికారే స్వయంగా "ఇది మన ఊరికి రాకపోవచ్చు. అయినా 2 గంటలకు కదులుదాం. రాకపోతే రేపు పొద్దున్నే ఇంటికి" అని చెప్పేలా ఒప్పుకున్నారు. షెల్టర్ గోడ మీద బోర్డు పెట్టి మూడు గంటలకోసారి కబురు రాయాలని నిర్ణయించాం. కొత్తగా ఏమీ లేకపోతే "కొత్తగా ఏమీ లేదు" అని రాయాలి.

నిజంగా వచ్చినప్పుడు

మరుసటి ఏడాది తుఫాను వచ్చింది. ట్రాక్టరు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది, పడవల పని రాత్రంతా సాగి పొద్దున్నకి ముగిసింది. మధ్యాహ్నం 1:40కి షెల్టర్ తలుపు తెరుచుకుంది. చీకటి పడేలోపు వీధి జాబితాల్లో పేర్ల మీద టిక్కులు పడ్డాయి. పాయ వైపు బస్సులు కాజ్‌వే మీద నీళ్లు రాకముందే దాటాయి. పది పన్నెండు మంది యువకులు పడవల దగ్గరే ఉండిపోయి రాత్రి 11 గంటలకు తడిసి ముద్దై వచ్చారు. ఊళ్లో ఎవరూ చనిపోలేదు.

దీన్ని మా ఖాతాలో పూర్తిగా వేసుకోను. తుఫాను ఊరికి కొంచెం దూరంలో తీరం దాటింది, ఊరు దాని దారికి ఎడమ పక్క పడింది. ఉత్తరార్ధగోళంలో తుఫానుకు కుడి పక్కన సుడిగాలి వేగానికి తుఫాను నడక వేగం తోడవుతుంది, అందుకే ఉప్పెన అటే ఎక్కువ. దారి ఇంకొంచెం అటు జరిగి ఉంటే మా ఏర్పాట్లు ఎంతవరకు నిలిచేవో చెప్పలేను.

సరిగా జరగనివి

పాయ అవతల చేపలు ఎండబెట్టే షెడ్లలో వేరే ప్రాంతం నుంచి వచ్చిన కూలీలు 17 మంది ఉన్నారు. వీధుల వారీగా జాబితాలు రాశాం, షెడ్లకు వీధి లేదు. వాళ్లు గుర్తొచ్చింది రాత్రి 8 గంటలకి, అదీ షెల్టర్లో ఒక పిల్లవాడు తన స్నేహితుడు రాలేదేమని అడిగితే. అప్పటికే గాలి పెరిగింది. ఇద్దరు ట్రాక్టరేసుకుని వెళ్లి తెచ్చారు. అది ఏర్పాటు కాదు, అదృష్టం.

ఇంకొకటి. కమిటీలో నెమ్మదిగా పడవల యజమానుల మాటే చెల్లుబాటైంది. మేం పని మొదలుపెట్టిందే పడవలతో కాబట్టి అందులో నా పాత్ర ఉంది. కూలికి వెళ్లేవాళ్లు "పడవకి ట్రాక్టరొచ్చింది, మా గుడిసెలకి ఏమొచ్చింది?" అన్నారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది. పై అంతస్తులో మరుగుదొడ్లు రెండడిగితే ఒకటి కట్టారు.

ఆ తర్వాత అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన ఫైలు చూసి, ప్రభుత్వ భవనం తాళం చెవి ప్రైవేటు వ్యక్తి దగ్గర ఉండటం నిబంధనలకు విరుద్ధమని నోట్ రాసి, వెనక్కి ఇవ్వమన్నారు. సంఘం నాయకురాలు తాళం చెవి, రిజిస్టర్ రెండూ తీసుకుని ఆఫీసుకి వెళ్లింది. నేనూ ఆ గదిలో ఉన్నాను. చెవి బల్ల మీద పెట్టి, రిజిస్టర్ తెరిచి, "ఇచ్చేస్తాను సార్. ఇక్కడ పేరు రాసి సంతకం పెట్టండి" అని చివరి గడి చూపించింది. ఆయన అది చదివారు. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, "ఇప్పటికి మీ దగ్గరే ఉంచండి, తర్వాత చూద్దాం" అన్నారు.

ఆ నోట్ ఇప్పటికీ రద్దు కాలేదు. తాళం చెవి మాత్రం ఆవిడ ఇంట్లో గుమ్మం పక్క మేకుకే ఉంది.